బుడిపె కణాలకు ఏ బీజం మేలు: అడ్డుబంధాలున్నదా, లేనిదా?

గుండ్రటి కణాలు కాదు, ఒకవైపు బుడిపె పొడుచుకొచ్చిన పాలిమర్ కణాలు కావాలనుకునేవారు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. బీజకణాల్లో, అంటే పెంపకం మొదలయ్యే తొలి కణాల్లో, డైవినైల్‌బెంజీన్ అనే రసాయనంతో అడ్డుబంధాలు (పాలిమర్ గొలుసులను ఒకదానితో ఒకటి కట్టే ముడులు) వేసుకోవాలా, లేక మామూలు పాలిస్టైరీన్ బీజం మీదే రెండో పాలిమర్‌ను పెంచాలా? నన్ను అడిగితే మొదటిదే మేలు. ఆకారం ఏ దశలో తేలుతుందో అందులో ముందే తెలుస్తుంది, దాన్ని చేతిలో ఉంచుకోవచ్చు.

అడ్డుబంధాలు లేని బీజంతో పని తేలిక. ఎమల్షన్ పాలిమరైజేషన్‌లో, అంటే నీటిలో చెదిరిన మోనోమర్‌ను (పాలిమర్‌గా అల్లుకునే చిన్న అణువులను) పాలిమర్‌గా మార్చే పద్ధతిలో, తయారైన పాలిస్టైరీన్ లేటెక్స్‌కు (నీటిలో తేలే కణాల మిశ్రమానికి) మిథైల్ మెథాక్రిలేట్ వంటి రెండో మోనోమర్‌ను కలుపుతూ పోతే చాలు. అయితే రెండు పాలిమర్లు, నీరు కలిసే మూడు సరిహద్దుల తలతన్యతల మధ్య బేరం కుదిరినట్టే ఆకారం వస్తుంది. సర్ఫాక్టెంట్ (కణాలు అంటుకోకుండా కాచే సబ్బు వంటి పదార్థం) మారిస్తే బేరం మారుతుంది. మోనోమర్‌ను మరీ నెమ్మదిగా పోస్తే కణం లోపల జిగట పెరిగి, బేరం ముగియకముందే ఆకారం గడ్డకట్టిపోతుంది. ఇన్ని మీటలు ఒకేసారి కదులుతుంటే ఫలితాన్ని ఏది మార్చిందో చెప్పడం కష్టం.

అడ్డుబంధాలున్న బీజంలో గొలుసులన్నీ కలిసి ఒక వలగా ఉంటాయి, నడిపించేది ఆ వల సాగుడే. బీజాన్ని స్టైరీన్‌తో, నూనెలో కరిగే ఇనిషియేటర్‌తో (పాలిమరైజేషన్‌ను మొదలుపెట్టే రసాయనంతో) గది ఉష్ణోగ్రత వద్ద ఉబ్బించి, తర్వాత 70 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేస్తారు. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ సాగిన వల ముడుచుకోవాలని చూస్తుంది. తడిబట్టను పిండినట్టు మోనోమర్‌ను బయటికి నెడుతుంది. అది ఒక పక్కన బొట్టుగా చేరి, అక్కడే గట్టిపడుతుంది. లీహై విశ్వవిద్యాలయంలో షూ, ఎల్-ఆసర్, వాండర్‌హాఫ్ 1990లో వివరించిన సంగతి ఇదే. బీజాలు కొన్ని మైక్రాన్ల పరిమాణంలో ఉంటే, పాలిమరైజేషన్ ముగియకముందే ఒక చుక్క తీసి మామూలు సూక్ష్మదర్శినిలో బుడిపెను చూడవచ్చు. ఈ సౌలభ్యమే నా మొగ్గుకు అసలు కారణం.

డైవినైల్‌బెంజీన్ తక్కువైతే కణం గుండ్రంగానే మిగులుతుంది, ఎక్కువైతే మోనోమర్ లోపలికి చాలినంత దూరదు. స్టైరీన్‌లో 1 శాతం దగ్గర మొదలుపెట్టి అటూ ఇటూ జరపండి. డైవినైల్‌బెంజీన్ స్టైరీన్ కన్నా త్వరగా ఖర్చవుతుంది కనుక, మొత్తం ఒకేసారి పోస్తే అడ్డుబంధాలు కణమంతటా సమంగా పడవు. విడతలుగా పోయడం మంచిది. అయినా వల ఒక్కటే చాలదు. బయటికొచ్చిన మోనోమర్ పాలిస్టైరీన్ ఉపరితలం మీద పరుచుకుంటే బీజం చుట్టూ పొరే మిగులుతుంది. 2006లో మాక్, జుకోస్కీల బృందం బీజం మీద ట్రైమెథాక్సీసిలైల్‌ప్రొపైల్ ఆక్రిలేట్‌తో నీటిని ఇష్టపడే పూత వేసింది అందుకే.

రెండు పద్ధతుల్లోనూ కొత్త చిన్న కణాలు పుట్టే బెడద ఉంది. నూనెలో కరిగే ఇనిషియేటర్‌తో పాటు నీటిలో కాస్త నిరోధకం వేస్తే అది చాలావరకు తగ్గుతుంది.

బీజం అక్కర్లేని దారులూ ఉన్నాయి. మైక్రోఫ్లూయిడిక్స్‌లో, అంటే సన్నని కాలువల్లో ద్రవాలను నడిపే పద్ధతిలో, ఆకారం చక్కగా వస్తుంది కానీ దిగుబడి స్వల్పం, కణాలూ పెద్దవి. పాలివినైల్ ఆల్కహాల్ పొరలో గోళాలను పొదిగి, వేడి చేసి సాగదీస్తే కోలకణాలు వస్తాయి. కొద్దిపాటి నమూనాకు అది చాలు.

రెండు సగాలూ వేర్వేరు రసాయనాలవి కావడమే ముఖ్యమనుకుంటే మాత్రం, అడ్డుబంధాలు లేని బీజంతోనే మొదలుపెట్టమంటాను.