పాత క్యాంపర్ వ్యాన్‌కి పికప్ లేదా? కార్బురేటర్ బాగు చేయాలా, కొత్తది వేయాలా?

ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగదు, యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్క క్షణం తడబడుతుంది. వెంటనే కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) విప్పేయకండి. ప్లగ్‌లు, పాయింట్ల (నిప్పురవ్వ కోసం కరెంటుని తెంచే కాంటాక్టుల) గ్యాప్, టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం), పెట్రోల్ ఫిల్టర్, కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) ముందు చూడండి. తప్పు అక్కడ దొరికితే ఈ టెన్షనే ఉండదు.

ఖర్చు: రిపేర్ కిట్ చవక. అందులో గాస్కెట్లు, డయాఫ్రం, నీడిల్ వాల్వ్ లాంటివే వస్తాయి. కొత్త కార్బురేటర్ చాలా ఖరీదు.

శ్రమ: విప్పి, జెట్లు (పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రాలున్న ముక్కలు) కడిగి, ఫ్లోట్ (లోపలి పెట్రోల్ మట్టాన్ని అదుపు చేసే తేలే భాగం) ఎత్తు సరిచేయడానికి ఓపిక కావాలి. కొత్తది బిగించడం తేలికే, కానీ జెట్ల సైజు మీ ఇంజిన్‌కి సరిపోవాలి.

రిస్క్: అసలు విషయం ఇక్కడుంది. థ్రాటిల్ షాఫ్ట్‌ని (యాక్సిలరేటర్ తొక్కితే తిరిగే కడ్డీని) రెండు వేళ్లతో పట్టుకుని పక్కలకి కదిపి చూడండి. లొటలొటలాడుతుంటే ఆ సందులోంచి గాలి దూరి మిశ్రమంలో పెట్రోల్ పాలు తగ్గి పలచనవుతుంది. ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ నడక) కుదరదు, ఇంజిన్ వేడెక్కుతుంది. గాలితో చల్లబడే ఇంజిన్లలో ఇది మరీ ప్రమాదం. ఎన్ని గాస్కెట్లు మార్చినా ఈ అరుగుదల పోదు.

షాఫ్ట్ గట్టిగా ఉండి, లోపల మడ్డి మాత్రమే పేరుకుంటే బాగు చేయడమే మేలు. బండితో వచ్చిన కార్బురేటర్‌ని నేనైతే అంత తేలిగ్గా వదులుకోను. షాఫ్ట్ అరిగినా, బాడీ వంగినా కొత్తదే వేయండి. లేదా, అరిగింది షాఫ్టే అయితే, అది తిరిగే చోట కొత్త బుష్‌లు (లోహపు తొడుగులు) వేసే పనివాడికి ఇవ్వండి. ట్యాంకులో తుప్పు ఉంటే మాత్రం ముందు దాన్ని కడిగించండి, లేకపోతే కొత్తదీ పూడుకుపోతుంది.