పంచలోహ విగ్రహం కొనేవాళ్ళకు హెచ్చరిక: 38,500 పోగొట్టుకుని రాస్తున్నా

నిన్న సాయంత్రం జరిగింది. రాత్రంతా నిద్ర లేదు. తిరుపతి గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల విగ్రహం కొనాలనుకునేవాళ్ళు ముందు ఇది చదవండి. షాపు పేరు రాయట్లేదు, అక్కడ కొన్నవాళ్ళకు అర్థమవుతుంది.

కొత్తింటి పూజగదిలోకి అడుగెత్తు శ్రీనివాసుడు కావాలని అమ్మ ఎన్నాళ్ళుగానో అడుగుతోంది. పోయిన వారం తీసుకెళ్ళా. పంచలోహమేనా అని మూడుసార్లు అడిగా. "అచ్చమైన పంచలోహం అన్నా, ఘనవిగ్రహం" అన్నాడు షాపతను. ఘనం అంటే డొల్ల లేకుండా లోపలంతా లోహమే అని. టీ తెప్పించాడు. కిలో 5,500 లెక్కన కాటా మీద పెడితే ఏడు కిలోలు తూగింది. ఆ బరువు చూసే నమ్మేశా.

శుక్రవారం అభిషేకానికి ముందు అమ్మ చింతపండుతో తోముతుంటే గోధుమరంగు నీళ్ళు కారాయి. వరమిచ్చే చేయి, అదే వరదహస్తం, వేళ్ళ మీద నుంచి రంగు పొరలా లేచింది. అమ్మ అరచేతులు రెండూ మరకలే. ఏం మాట్లాడకుండా విగ్రహాన్ని తుడిచి పక్కన పెట్టేసింది.

తెలిసిన స్థపతి (దేవుడి విగ్రహాలు చేసే శిల్పి) ఒకాయన దగ్గరికి పట్టుకెళ్ళా. 1960లో టీటీడీ పెట్టిన శిల్ప శిక్షణ సంస్థలో నేర్చుకున్నాయన. బోర్లించి పద్మపీఠం అంచున ఆకురాయితో గీశారు. పంచలోహంలో రాగే ఎక్కువ, గీస్తే ఎర్రటి చాయ రావాలట. పచ్చగా ఇత్తడి మెరిసింది. అడుగున నల్లలక్క పూసిన రేకు ఉంది. ఉలి మొనతో దాన్ని లేపితే లోపల సిమెంటు! పెచ్చులు పెచ్చులుగా రాల్చి తూస్తే 2 కిలోల 300 గ్రాములు. అంటే ఒక్క సిమెంటుకే నేను 12,650 కట్టా.

డొల్లగా పోత పోయడం తప్పేం కాదు, ఆ మాట చెప్పి అమ్మాలి అన్నారాయన. మైనంతో బొమ్మ చేసి, దాని మీద మట్టి మెత్తి, కాల్చి మైనాన్ని కరిగించేసి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. తర్వాత మట్టిని పగలగొట్టేస్తారు కాబట్టి ఒక అచ్చుకు ఒకటే విగ్రహం. మాదానికి చెవి వెనక నుంచి భుజం దాకా అతుకు గీత ఉంది, అంటే ముక్కలుగా పోసి అతికించిందే. విష్ణుమూర్తిని ఉత్తమ దశతాళం అనే శిల్పశాస్త్ర కొలతలో చేస్తారట, నిలువెత్తును 124 సమాన భాగాలు చేసి (వాటినే అంగుళాలంటారు, మన ఇంచీలు కావు) ఒక్కో అవయవానికి ఇన్నని లెక్క. ఆయన దారంతో ముఖం కొలిచి, కింద దాకా రెండుసార్లు చూసి, దారం మడిచి పక్కన పెట్టేశారు.

షాపులో అలాంటివే మూడు వరసగా ఉండటం నేను చూశా. మూడింటికీ నడుము మీది కటిహస్తం బొటనవేలు దగ్గర ఒకేలాంటి సొట్ట. చూసి కూడా నోరెత్తి అడగలేదు. అది నా తప్పే.

నిన్న విగ్రహం, సిమెంటు మూట, బిల్లు తీసుకుని అమ్మతో కలిసి వెళ్ళా. వారం కిందట "అన్నా, కూర్చోండి" అన్న మనిషి సెల్లులోంచి తల కూడా ఎత్తలేదు. బిల్లు మీద వేలు పెట్టి "చదువుకున్నోడివే కదా, ఏం రాసుండాదో చూడు" అన్నాడు. పంచలోహ ఫినిష్ అని ఉంది. ఫినిష్! "పంచలోహమనేది రకం పేరు. నేతిబీరకాయలో నెయ్యి ఉంటాదా?" అన్నాడు. పనిచేసే కుర్రాళ్ళిద్దరూ నవ్వారు. అమ్మ నా పక్కనే నిలబడి ఉంది. "నాయనా, దేవుడి బొమ్మ కదా, అట్లనొద్దు" అంది మెల్లగా. దానికి వాడు, "బోర్లించి తవ్వినప్పుడు దేవుడు గుర్తుకు రాలేదా పెద్దమ్మా?" అన్నాడు. డబ్బు సంగతి ఎలా ఉన్నా, ఆ మాట మాత్రం నేను మర్చిపోను. దారంతా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునే ఉంది.

1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు ఇస్తున్నా.

కొనేవాళ్ళు బిల్లులో "పంచలోహం, ఘనం, మైనపు పోత" అని విడివిడిగా రాయించుకోండి. ఫినిష్ అనే మాట కనిపిస్తే లేచి వచ్చేయండి. పీఠం బోర్లించి చూడండి. వీలైతే స్థపతి దగ్గరే చేయించుకోండి, పోత పోసేటప్పుడు బంగారం, వెండి మన చేత్తోనే వేయిస్తారు.

అదే షాపులో ఇప్పటికే కొన్నవాళ్ళు ఉంటే అడుగున లక్క ఉందేమో చూసి కింద చెప్పండి. నలుగురం కలిసి వెళ్దాం.