పెట్టె మీద ‘క్లోజ్డ్ సిస్టమ్’ అని ఉన్నంత మాత్రాన ఆ బ్రెస్ట్ పంపు కొనేయకండి

మళ్ళీ ఉద్యోగంలో చేరుతున్నా బిడ్డకు తల్లిపాలు మాన్పించకూడదని పంపు వెతుక్కుంటున్న వాళ్ళ కోసం ఈ పోస్టు.

నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ఎలక్ట్రిక్ పంపు పెట్టె మీద ‘క్లోజ్డ్ సిస్టమ్’ అని పెద్ద అక్షరాలతో ఉంది. అంటే పాలు ట్యూబులోకి, మోటారులోకి పోకుండా మధ్యలో అడ్డు ఉండాలి. తీరా చూస్తే ట్యూబు నేరుగా సీసా మూతకే తగిలించి ఉంది. ఆఫీసులో వాడటం మొదలుపెట్టిన కొద్దిరోజులకే ట్యూబు లోపల తెల్లటి చారలు, ఆ తర్వాత వంపు తిరిగే చోట నల్లటి చుక్కలు. బూజు! ట్యూబంటే మార్చుకోవచ్చు, మరి మోటారులోకి పోయిన పాల సంగతి? దాన్ని విప్పలేం, నీళ్ళలో పెట్టి కడగలేం.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ‘వ్యక్తిగత వస్తువు, సీలు తీశాక రిటర్న్ ఉండదు’ అన్నారు. సీలు తీయకుండా లోపల అడ్డు ఉందో లేదో ఎలా తెలుస్తుందండీ అంటే జవాబు లేదు.

కొనేముందు, భాగాలన్నీ విడదీసి పరిచిన ఫోటో ఉందేమో చూడండి. సీసాకీ ట్యూబుకీ మధ్య చిన్న గిన్నెలాంటి పల్చటి సిలికాన్ డయాఫ్రమ్ (పాలను ఆపే అడ్డు ఇదే) కనిపించాలి. లేకపోతే అమ్మేవాళ్ళను అడిగి, జవాబు రాతలో తీసుకోండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. మంచి పంపులోనూ ట్యూబులో నీటి ఆవిరి పడుతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. ట్యూబు మాత్రమే ఉంచి మోటారు కాసేపు నడిపితే ఆరిపోతుంది. తెల్లగా కనిపిస్తేనే అనుమానించాలి. అడ్డు లేని ఇలాంటి పంపులు సెకండ్ హ్యాండ్‌లో అసలు తీసుకోవద్దు. ఇంకొకరి పాలు ఆ మోటారులో ఉండి ఉండొచ్చు.

సక్షన్ ఎంత ఎక్కువుంటే అన్ని పాలు వస్తాయన్న ప్రకటనలు ఒట్టి మాటలు. నొప్పి పుడితే పాలు చేపుకు రావు. ఫన్నెల్ (రొమ్ముకు ఆనించే గరాటులాంటి భాగం) సైజు చనుమొనకు సరిపోవడం ముఖ్యం. నాకొచ్చిన పెట్టెలో 28 మి.మీ. ఒక్కటే ఉంది, వేరే సైజు విడిగా అమ్మరట.

నా ఫిర్యాదు ఇంకా నడుస్తూనే ఉంది. అందాకా చేత్తోనే పిండుతున్నాను. టైం ఎక్కువ పడుతోంది కానీ కడగాల్సింది ఒక్క సీసానే. గడ్డకట్టిన ఐస్ ప్యాకులు పెట్టిన కూలర్ బ్యాగులో తల్లిపాలు 24 గంటల వరకూ ఉంటాయి కాబట్టి ఇంటికి తేవడానికి ఇబ్బంది లేదు.