అనంతపురం ఎండల్లో ప్లాటినమ్ సిలికాన్: డబ్బా మీది టైమును నమ్మొద్దు

పౌరాణిక నాటకాలకు గదలు, కిరీటాలు, భుజకీర్తులు రెజిన్‌తో పోసిచ్చే పని నాది. మొదట టిన్ క్యూర్ సిలికాన్‌తో, అంటే టిన్ రసాయనంతో బిగిసే రబ్బరుతో అచ్చులు తీసేవాణ్ణి, తర్వాత ప్లాటినమ్‌తో బిగిసే రకానికి మారి చాలా కాలమైంది. ఇది కుంచించుకుపోదు, చిరగదు అని అందరికీ చెబుతూ వచ్చాను. ఎ, బి అని రెండు డబ్బాల్లో వచ్చేదాన్ని సమపాళ్లలో కలపడం, బుడగలు పోగొట్టడం అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. నా కోపమంతా పాట్ లైఫ్ మీదే, అంటే కలిపాక బిగుసుకోకముందు పోసుకోవడానికి దొరికే టైము మీద.

డబ్బా మీద 40 నిమిషాలని పెద్దగా ఉంటుంది, 25 డిగ్రీల దగ్గర అని ఎక్కడో మూల చిన్న అక్షరాల్లో. మే నెలలో, రేకుల షెడ్డులో, 25 డిగ్రీలు ఎక్కడినుంచి తేవాలి? వేడి పది డిగ్రీలు పెరిగితే మన చేతిలో ఉండే టైము దాదాపు సగానికి పడిపోతుంది. భీముడి గదకు అచ్చు పోస్తున్న రోజు, పొద్దున్నే పోసిన మొదటి సగం బాగానే వచ్చింది. మధ్యాహ్నం రెండో సగానికి కలిపింది మాత్రం సన్నటి ధారగా జారాల్సింది పోయి ముద్దలు ముద్దలుగా పడి, గద మెడ దగ్గర చెక్కిన లతల సందుల్లోకి దిగకముందే బిగుసుకుంది. గాలి అక్కడే చిక్కుకుపోయింది, ఆ అచ్చులో తీసిన ప్రతి గదకూ బొడిపెలే. డ్రెస్సులు అద్దెకిచ్చే అన్న చేతిలోకి తీసుకుని "ఏమప్పా, భీముని గదకు ఆటలమ్మ పోసినట్టుందే" అన్నాడు. అన్నీ గీకి, ఉప్పుకాగితం కొట్టి, బంగారు రంగు వేసిచ్చేసరికి ఆ ఆర్డర్లో మిగిలిందేమీ లేదు. అమ్మినాయనకు ఫోన్ చేస్తే "ఏసీ రూములో చేసుకోండి సార్" అన్నాడు, కరెంటు బిల్లు కూడా ఆయనే కడతాడేమో.

ఇప్పుడు రెండు డబ్బాలూ మూత బిగించి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, తెల్లవారుజామున పోస్తున్నా. ఇంట్లో తిట్లు తప్పవు గానీ బాగానే దిగుతోంది.

ప్లాటినమ్ కుంచించుకుపోదన్న మాట మీద ఇప్పటికీ ఉన్నా. టిన్ అచ్చులు పాతబడేకొద్దీ కుడి భుజకీర్తి ఎడమదానికి జత కుదిరేది కాదు. కాకపోతే చిరగదు అన్నాను చూడండి, అది కొంచెం ఎక్కువే అన్నట్టున్నా, కిరీటం అంచుల్లాంటి సన్నటి చోట్ల లాగితే చిరుగుతుంది. గంధకం ఉన్న క్లేతో నమూనా చేస్తే ఆనుకున్న చోటల్లా జిగటగానే ఉండిపోతుంది, లేటెక్స్ గ్లౌజులు కూడా పడవు. టిన్‌కు ఇన్ని పట్టింపుల్లేవు.

నాకు ఏడాది పొడవునా ఆర్డర్లుంటాయి కాబట్టి ప్లాటినమ్ రేటు ఎక్కువైనా గిట్టుబాటవుతోంది. ఏదో ఒక కత్తి పిడి కోసం, అదీ ఎండాకాలంలో కొనేవాళ్లకు టిన్ చాలు. నిదానంగా బిగిసే ప్లాటినమ్ కూడా దొరుకుతుంది, ఉగాదికల్లా తెప్పించాలనుంది, నాటకాలవాళ్లు పాత బాకీ తీరిస్తే.