మా ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల: పిల్లలను చేర్చాలనుకునేవారికి

గుంటూరు జిల్లాలో, తెనాలికి పోయే రోడ్డు మీద ఉన్న మా ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో మా అమ్మాయి 2021 ఆగస్టులో, కరోనా విరామం తరవాత బడులు తెరిచినప్పుడు, ఒకటో తరగతిలో చేరింది. అక్కడే అయిదు దాకా వచ్చింది. అబ్బాయి ఇప్పుడు మూడో తరగతి చదువుతున్నాడు. ఊరి చివర కొత్త ప్లాట్లలో ఇళ్లు కట్టుకుని వచ్చినవారు తరచుగా అడిగే ప్రశ్న ఒక్కటే: ఫీజు కట్టి, వ్యాను ఎక్కించి పట్నంలోని కాన్వెంటుకు పంపాలా, లేక నడిచిపోయే దూరంలో ఉన్న ఈ బడిలో వేయాలా? బడి మంచిదే, మా పిల్లలను మాన్పించే ఆలోచన మాకు ఎన్నడూ రాలేదు. కాని ఆ మంచితనం ఏ ఏడు ఎంతమంది టీచర్లు ఉన్నారన్నదాన్ని బట్టి పెరుగుతూ తరుగుతూ వచ్చింది తప్ప, గోడల రంగులనో బెంచీలనో బట్టి కాదు.

భవనం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 2019లో మొదలైన నాడు-నేడు (ప్రభుత్వ బడులను బాగుచేసే పథకం) పనులలో మా బడికి ప్రహరీ, ఫ్యాన్లు, డ్యూయల్ డెస్కులు, ఆకుపచ్చ బోర్డులు, నీళ్లు వచ్చే మరుగుదొడ్లు సమకూరాయి. మరుగుదొడ్లు, వాటిని కడిగే ఆయా ఉన్న నెలల్లో శుభ్రంగా ఉంటాయి, ఆమె సెలవు పెడితే ఉండవు. మంచినీటి ప్లాంటు ఒకసారి చెడిపోయి చాలాకాలం బాగుచేయించకుండా ఉండిపోయింది కనుక సీసాలో నీళ్లు ఇచ్చి పంపే అలవాటు మా వీధిలో అందరికీ అయిపోయింది.

అసలు విషయం టీచర్లది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు టీచర్లు ఉంటే చాలు. మా బడిలో అప్పట్లో డెబ్బై మంది దాకా పిల్లలు, మూడు పోస్టులు. కాగితం మీద లోటేమీ లేదు. కాని ఆ చట్టం పిల్లల తలలు లెక్కపెడుతుంది గాని తరగతులను లెక్కపెట్టదు. అయిదు తరగతులకు ముగ్గురంటే ఇద్దరికైనా రెండేసి తరగతులు తప్పవు; అందులో ఒకరు శిక్షణకో, ఎన్నికల పనికో, మండల కార్యాలయానికో వెళ్లిన రోజున మిగిలిన ఇద్దరే అయిదు తరగతులనూ పంచుకోవాలి. మా అమ్మాయి రెండో తరగతిలో ఉన్నప్పుడు ఒకే గదిలో ఒకటో తరగతి పిల్లలు ముందు బోర్డు వైపు, రెండో తరగతి పిల్లలు వెనక గోడ వైపు తిరిగి కూర్చునేవారు. మేడం గారు ఒకటో తరగతికి గుణింతాలు చెప్పి, ఇటు తిరిగి రెండో తరగతికి కూడికలు ఇచ్చి, మళ్లీ అటు వెళ్లేవారు. ఆమె కష్టపడలేదని ఎవరూ అనలేరు. అయినా అటు తిరిగినంతసేపూ ఇటున్న పిల్లల్లో చురుకైన ఇద్దరు ముగ్గురు చేసి చూపిస్తే తక్కినవారు చూసి రాసుకునేవారు. చూసి రాసుకునే పిల్లవాడు అల్లరి చేయడు, పలక నిండుగా ఉంటుంది, అందువల్ల వాడికి చదవడం రాలేదన్న సంగతి మూడో తరగతికి వెళ్లేదాకా బయటపడదు. అమ్మాయి అందులో పడకుండా ఉండడానికి ఇంట్లో రోజూ సాయంత్రం చదివించడం ఒక కారణం; అంత తీరిక దొరకని ఇళ్లు ఊళ్లో చాలా ఉన్నాయి.

2022లో 117 జీవో (బడులను, టీచర్లను సర్దే ప్రభుత్వ ఉత్తర్వు) వచ్చినప్పుడు చుట్టుపక్కల కొన్ని బడుల నుంచి 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు తరలించారు. దగ్గరలో హైస్కూలు లేకపోవడం వల్ల మా బడి ఆ తరలింపు తప్పించుకుంది. 2025లో ఆ పద్ధతిని తీసివేసి తరగతికో టీచరు ఉండేలా మోడల్ ప్రైమరీ పాఠశాలలు పెట్టినప్పుడు మా బడి వాటిలో ఒకటైంది. పక్క వాడల నుంచి పెద్ద తరగతుల పిల్లలు వచ్చి చేరడంతో సంఖ్య వందకు చేరింది. ఆటోలో వచ్చే ఆ పిల్లల తల్లిదండ్రులకు ఇది సంతోషం కలిగించలేదు, వారి బాధ న్యాయమైనదే. మా పిల్లలకు మాత్రం లాభమే జరిగింది. అబ్బాయి మూడో తరగతికి సొంత గది, సొంత టీచరు ఉన్నారు. అదే వయసులో అక్కకు దక్కనిది వాడికి దక్కుతోందని వాడి చదువు చూస్తే తెలుస్తోంది.

పుస్తకాలు ఒక పక్క ఇంగ్లీషులో, ఎదురుగా తెలుగులో ఉంటాయి. మంచి సౌకర్యమిది. సైన్సు పాఠం అర్థం కాని రోజున తల్లి గాని తండ్రి గాని తెలుగు పేజీ చదివి చెప్పవచ్చు. తరగతిలో వివరణ తెలుగులోనే సాగుతుంది, రాత ఇంగ్లీషులో ఉంటుంది. ఫలితంగా మా అమ్మాయి ఇంగ్లీషు చదివి అర్థం చేసుకుంటుంది, మాట్లాడమంటే బిగుసుకుపోతుంది. కాన్వెంటు పిల్లలు చకచకా మాట్లాడతారు. తెలుగు వార్తాపత్రికలో ఒక పేరా చదవమంటే తడబడేవారిని వారిలో నేను చాలామందిని చూశాను. ఏది ముఖ్యమో ఎవరి ఇంటి నిర్ణయం వారిది.

టీచరును అంచనా వేయాలంటే పరీక్ష మార్కులకన్నా నోటు పుస్తకాలు మేలు. మా ఇంట్లో దాచిన ఒక లెక్కల పుస్తకంలో 52 లోంచి 27 తీసేస్తే 35 అని ఉంటుంది. పిల్ల పైనా కిందా ఉన్న అంకెల్లో పెద్దదానిలోంచి చిన్నదాన్ని తీసేసింది. దాని మీద ఎర్ర సిరాతో టిక్కు, తేదీ, పొట్టి సంతకం ఉన్నాయి. మరుసటి ఏడాది పుస్తకంలో అలాంటి తప్పే దొర్లితే, నాలుగో తరగతి మాస్టారు టిక్కు పెట్టక, పక్కన పది కడ్డీల కట్ట ఒకటి గీసి, విప్పి, పన్నెండులోంచి ఏడు తీసి చూపించారు. రెండూ ఒకే బడిలో జరిగినవే. చేర్చే ముందు ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకుని, మొదటి ర్యాంకు పిల్లవాడివి కాకుండా మధ్య బెంచీ పిల్లలవి రెండు పుస్తకాలు తిరగేయండి.

మధ్యాహ్న భోజనం విషయంలో నాకు ఫిర్యాదు లేదు. 2025 జూన్ నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. అంతకుముందు అన్నం ముద్దయిపోయి పిల్లలు సగం వదిలేసేవారు. గుడ్డు ఉన్న రోజున హాజరు ఎక్కువగా ఉంటుంది. రాగి జావను చిన్నవాళ్లు మొదట ముఖం చిట్లించి తాగినా ఇప్పుడు రెండో గ్లాసు అడుగుతున్నారు. వండే మహిళలకు బిల్లులు ఆలస్యమైన నెలల్లో కూడా పొయ్యి ఆగలేదంటే అది వారి మంచితనమే, దాన్ని వ్యవస్థ గొప్పగా చెప్పుకోకూడదు. కొందరు పిల్లలు ఇంటి నుంచి క్యారియరు తెచ్చుకుని వేరుగా కూర్చునే అలవాటు ఉండేది. ఒక మేడం గారు ఎవరినీ ఏమీ అనకుండా తరగతుల వారీగా వరసలు వేసి, అందరినీ కలిపి కూర్చోబెట్టారు. ఇంటి దగ్గర గొణుగుళ్లు వినిపించాయి, వరసలు మాత్రం మారలేదు.

బ్యాగు, బూట్లు, యూనిఫాం, పుస్తకాలు బడి తెరిచే రోజుల్లో వస్తాయి. బూట్ల కొలత ముందే తీస్తారు కాబట్టి ఎదిగే పిల్లలకు బిగుతవుతాయి, ఒక సైజు పెద్దది రాయించండి. తల్లికి వందనం డబ్బు (పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చేది) ప్రైవేటు బడి పిల్లలకూ వర్తిస్తుంది గనుక దానికోసం ఈ బడినో ఆ బడినో ఎంచుకోవలసిన పని లేదు.

రెండు విషయాలు కొత్తవారికి తెలియవు. ఒకటి, గురుకులాలలో ప్రవేశం అయిదో తరగతితో మొదలవుతుంది కాబట్టి నాలుగులో బాగా చదివే పిల్లల్లో కొందరు పరీక్ష రాసి వెళ్లిపోతారు, అయిదో తరగతి పలచబడుతుంది. మా అమ్మాయి ప్రాణ స్నేహితురాలు అలాగే వెళ్లింది. రెండు, బదిలీలు. ఇప్పటి నియమం ప్రకారం టీచరు ఒకే బడిలో ఎనిమిదేళ్లకు మించి ఉండరు. అందువల్ల ఫలానా మాస్టారి కోసం చేర్చాలనుకుంటే ఆయన వచ్చి ఎన్నేళ్లయిందో ముందు కనుక్కోండి.

బడి చూడడానికి తల్లిదండ్రుల సమావేశం రోజును ఎంచుకోకండి. 2024 డిసెంబరు 7న జరిగిన మెగా సమావేశంలో ముగ్గులూ తాడులాగుడు పోటీలూ బాగానే జరిగాయి గాని, ఆ రోజు పాఠం జరగలేదు కదా. మామూలు మంగళవారం పదకొండు గంటలకు వెళ్లి, ఏ గదిలో టీచరు ఉన్నారో, ఏ గదిలో లేరో చూడండి. పేరెంట్స్ కమిటీలోని తల్లి ఎవరితోనైనా మాట్లాడండి. చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు కావాలి. మా ఊళ్లో నిర్మొహమాటంగా చెప్పేదీ వారే.

ప్రవేశాలు జూన్ 12న బడి తెరిచినప్పటి నుంచి జోరుగా సాగుతాయి. పుట్టిన తేదీ ధ్రువపత్రం లేదన్న కారణంతో చేర్చుకోకుండా ఉండే అధికారం బడికి లేదు, తరవాత ఇవ్వవచ్చు. అయితే పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే రిజిస్టరులో ఎక్కాయో లేదో మొదటి రోజే చూసుకోండి. అయిదో తరగతి అయ్యాక ఇచ్చే రికార్డు షీటులో (టీసీ లాంటి పత్రం) అవే వస్తాయి, అప్పుడు సరిచేయించుకోవాలంటే ఎంఈఓ (మండల విద్యాధికారి) కార్యాలయం చుట్టూ తిరగాల్సి వస్తుంది.