రామ్‌నగర్‌లో ఎముకల సాంద్రత స్కాన్: యంత్రం మంచిదే, రిపోర్టే సగం చెప్పింది

విశాఖపట్నం రామ్‌నగర్‌లో ఆసుపత్రుల మధ్య ఉన్న ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో గత నెల మా అమ్మకు డెక్సా స్కాన్, అంటే ఎముకల సాంద్రత పరీక్ష, చేయించాము. సెంటర్ పేరు కావాలనే రాయడం లేదు; కింద చెప్పబోయే లోపం ఆ ఒక్కచోటే ఉంటుందని నాకు అనిపించడం లేదు. అడ్రినల్ గ్రంథిలో గడ్డ ఉండి, ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను అవసరానికి మించి తయారవుతున్నవారికి ఈ అనుభవం పనికొస్తుంది కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను.

అమ్మకు 61 ఏళ్ళు. పిత్తాశయంలో రాళ్ళున్నాయేమోనని తీయించిన సీటీ స్కాన్‌లో, ఎడమ మూత్రపిండం మీద టోపీలా కూర్చుని ఉండే అడ్రినల్ గ్రంథిలో 2.6 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. రాత్రి పదకొండింటికి ఒక మిల్లీగ్రాము డెక్సామెథాసోన్ మాత్ర వేసి, మర్నాడు ఉదయం ఎనిమిదింటికి రక్తం తీసి చూశారు. మామూలుగా అయితే ఆ మాత్రకు కార్టిసాల్ డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాములు దాటకుండా అణగాలి, అమ్మకు 3.4 వచ్చింది. కార్టిసాల్ మరీ ఎక్కువైతే వచ్చే కుషింగ్ సిండ్రోమ్‌లో చెప్పే గుండ్రటి ముఖం, పొట్ట మీద ఊదారంగు చారలు ఆవిడకు లేవు. బీపీ మాత్రలు మాత్రం ఒకటి కాస్తా రెండయ్యాయి. ఆరు నెలల కిందట గాజువాకలో మా ఇంటి కుళాయి దగ్గర నిండు బిందె ఎత్తబోయి నడుము పట్టేసిందంటే, వయసు నొప్పే అనుకుని తైలం రాసి ఊరుకున్నాము. ఈ సంగతి విన్నాకే హార్మోన్ల డాక్టరుగారు ఎముకల పరీక్ష రాశారు.

సెంటర్ పనితీరులో ముందు మెచ్చుకోవలసినవి చెప్పాలి. ఫోన్‌లో సమయం తీసుకున్నప్పుడే, ఇటీవల కాంట్రాస్ట్ మందు ఎక్కించి స్కాన్ ఏమైనా తీశారా అని అడిగారు. కాల్షియం మాత్రలు ముందురోజు నుంచే ఆపమన్నారు. ఈ రెండూ పాటించకపోతే లెక్క తప్పే అవకాశం ఉంది. అక్కడ పనిచేసే అమ్మాయి నల్లపూసలు, చీరకు పెట్టిన పిన్నీసులు ఓపికగా తీయించి, "ఏం భయం లేదమ్మా, కదలకుండా పడుకోండి చాలు" అని కాళ్ళ కింద ఎత్తు పెట్టింది. పావుగంటలో అయిపోయింది. రేడియేషన్ కూడా ఛాతీ ఎక్స్‌రేకు మించనంత తక్కువ. సాయంత్రానికి రిపోర్టు చేతికొచ్చింది.

చిక్కంతా ఆ రిపోర్టులోనే ఉంది. నడుము దగ్గరి నాలుగు వెన్నుపూసల సగటు టీ స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకలతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 1.7 అనీ, తుంటిది మైనస్ 1.4 అనీ వేసి, కింద "ఆస్టియోపీనియా", అంటే ఎముకల సాంద్రత కాస్త తగ్గిందని, రాశారు. మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందికి గానీ వస్తేనే ఎముకలు గుల్లబారాయని అంటారు కాబట్టి, మేము హమ్మయ్య అనుకున్నాము. డాక్టరుగారు మాత్రం పాత సీటీ చిత్రాలను తెరిపించి, పక్కనుంచి చూసే కోణంలో ఒక్కొక్క వెన్నుపూసే పరిశీలించి, మొదటి నడుము పూస ముందువైపు నలిగి ఎత్తు తగ్గిందని చూపించారు. బిందె ఎత్తినరోజు పట్టేసింది నడుము కాదు, విరిగింది పూస! నలిగిన పూసలో అదే ఖనిజం తక్కువ వైశాల్యంలోకి కుదించుకుపోతుంది కనుక యంత్రానికి అది గట్టి ఎముకలా కనిపిస్తుంది. దాన్ని వదిలేసి లెక్క కట్టాలన్నది ఈ పరీక్షలో ప్రాథమిక నియమం. వీళ్ళు కలిపేశారు. తీసేసి చూస్తే మైనస్ 2.1 అయింది. అది కూడా గీత దాటలేదు, అయినా చిన్న బరువుకే పూస నలిగిందంటే స్కోరుతో పని లేకుండా దాన్ని గుల్లబారిన ఎముకగానే లెక్కించాలని డాక్టరుగారు అన్నారు.

కార్టిసాల్ చేసే నష్టం ఇలాంటిదే. ఎముకను కట్టే కణాలను అది చంపుతుంది, పేగుల్లో కాల్షియం ఒంటబట్టనీయదు, మూత్రంలో ఎక్కువగా పోనిస్తుంది. తేనెపట్టులా అల్లుకుని ఉండే లోపలి ఎముక ఎక్కువగా ఉన్న వెన్నుపూసలను ముందుగా పట్టుకుంటుంది. డెక్సా కొలిచేది ఖనిజం ఎంత ఉందన్నదే గానీ ఆ అల్లిక ఎంత చెదిరిందన్నది కాదు. అందుకే ఈ రోగుల్లో స్కోరు పెద్దగా పడకుండానే పూసలు విరుగుతాయి, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. గడ్డ వల్ల కార్టిసాల్ స్వల్పంగా పెరిగినవారిలోనూ వెన్నుపూస విరుగుళ్ళు ఉన్నాయేమో వెతకమని ఐరోపా ఎండోక్రైనాలజీ సంఘం 2023 మార్గదర్శకాలు చెబుతున్నాయి. చాలామందికి దీనికోసం కొత్త పరీక్ష కూడా అక్కరలేదు, గడ్డను చూపించిన సీటీయే చాలు. మా సీటీ రిపోర్టులో గడ్డ గురించి అరపేజీ ఉంది. పూస గురించి ఒక్క ముక్క లేదు.

సెంటర్ దరఖాస్తులో ముట్లుడిగిన వయసు, పొగతాగే అలవాటు, స్టెరాయిడ్ మాత్రల వాడకం గురించి గళ్ళున్నాయి. ఒళ్ళే సొంతంగా కార్టిసాల్ అనే స్టెరాయిడ్‌ను ఎక్కువగా తయారుచేసుకుంటుంటే రాయడానికి గడి లేదు. వెన్నును పక్కనుంచి తీసే సదుపాయం అదే యంత్రంలో ఉందట, డాక్టరు ప్రత్యేకంగా రాస్తేనే తీస్తారట. నేను డాక్టరుగారి చీటీ పట్టుకుని మళ్ళీ వెళితే, కౌంటర్ దగ్గర కాస్త విసుక్కున్నా, లోపలి రేడియాలజిస్టు విని, రెండు రోజుల్లో రిపోర్టు సరిచేసి రూపాయి తీసుకోకుండా ఇచ్చారు. తప్పు ఒప్పుకోవడం చిన్న విషయమేమీ కాదు కాబట్టి, అయిదుకు మూడు నక్షత్రాలు వేసేవాణ్ణి మూడున్నర వేస్తున్నాను.

అమ్మకు వచ్చే నెలలో లాపరోస్కోపీ పద్ధతిలో ఆ గ్రంథిని తీసివేస్తారు. ఈలోపు ఎముకల మందు మొదలుపెట్టారు. ఏడాది తర్వాత మళ్ళీ స్కాన్ అక్కడే చేయిస్తాము, ఎందుకంటే యంత్రం మారితే పాత అంకెతో కొత్త అంకెను పోల్చడానికి వీలుండదు. మొదటి పూసను లెక్కలో కలపవద్దనే మాటను ఈసారి చీటీ మీద ముందే రాయించుకుని వెళతాము.