11 అంగుళాల ట్యాబ్: పొడవు పెరిగింది, వెడల్పు పెరగలేదు

ఈ ట్యాబ్ బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, ప్రాసెసర్ ఏది, కెమెరా ఎలా ఉంది అన్న సంగతులు ఇప్పటికే చాలామంది రాశారు కనుక వాటి జోలికి పోను. ఏడాదికి పైగా మా ఇంట్లో చిటికి పనికి, అంటే రంగు వేసే ముందు దారాలను ముడులు కట్టే పనికి, వాడుతున్న ఈ వస్తువు గురించి నేను చెప్పదలచుకున్నది దాని తెర కొలత ఒక్కటే. ప్రకటనలో అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో వేసిన 11 అంగుళాల అంకె, ఏ పని కోసం దాన్ని కొన్నామో ఆ పనికి ఏమాత్రం అక్కరకు రాలేదు. ఆ అంకె అబద్ధమని నేను అనను. దాన్ని చదివిన మనిషి ఏమనుకుంటాడో బాగా తెలిసి కూడా అంతవరకే చెప్పి ఊరుకున్నారన్నదే నా కోపం.

మాది పుట్టపాక. జిల్లాల విభజన తర్వాత మేము యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చినా, కాస్త ఖరీదైన వస్తువు ఏది కొనాలన్నా నల్లగొండకే వెళ్లడం మా ఇంటి అలవాటు. తేలియా రుమాళ్లు (నూనె పట్టించిన నూలుతో నేసే చదరపు గుడ్డలు), డబుల్ ఇక్కత్ చీరలు నేసే ఇళ్లలో డిజైను మొదట గ్రాఫు మీదే పుడుతుంది. దారాలను చట్రం మీద సాగదీసి పరిచి, గ్రాఫులోని గళ్లను లెక్కపెట్టుకుంటూ, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు ముక్కతో బిగించి కట్టాలి. డబుల్ ఇక్కత్‌లో పడుగునూ పేకనూ కూడా ఇలాగే కట్టవలసి ఉంటుంది కాబట్టి, ఒక్క గడి లెక్క తప్పినా పువ్వు చెదిరిపోతుంది, పైగా ఆ తప్పు మగ్గం ఎక్కిన తర్వాత గానీ బయటపడదు. కాగితం మీది గ్రాఫులు రంగు చేతుల్లో నలిగి, మడతల దగ్గర చిరిగి పాడవుతుండటంతో కొన్నేళ్ల కిందటే వాటిని స్కాన్ చేయించి, ఒక 9.7 అంగుళాల పాత ట్యాబ్‌లో పెట్టుకుని పని చేసుకుంటున్నాం.

చిటికి కట్టేది మా పెదనాయన. ఆయన చేతి పట్టు ఇంకా సడలలేదు గానీ చూపు తగ్గింది. మా రుమాలు డిజైనులో పావు భాగానికి గ్రాఫు గీస్తే అది 72 గళ్ల పొడవు, 72 గళ్ల వెడల్పు ఉన్న చదరం అవుతుంది. పాత ట్యాబ్‌లో ఆ చదరం మొత్తం కనబడేలా పెడితే ఒక్కో గడి రెండు మిల్లీమీటర్ల మీద కాస్త వచ్చేది. వేలితో పెద్దది చేసుకోవచ్చు గానీ, అప్పుడు గ్రాఫులో కొంత భాగం తెర బయటికి పోతుంది. దాన్ని మళ్లీ జరుపుకునేటప్పుడు ఏ వరుసలో ఉన్నామో తప్పిపోతుంది, పైగా పని మధ్యలో చేతులకు తడీ జిడ్డూ ఉంటాయి. గ్రాఫు కదలకుండా, మొత్తంగా, కొంచెం పెద్ద గళ్లతో కనిపించాలి: మా అవసరం అంతే. 9.7 నుంచి 11కి పోతే గడి 2.3 మిల్లీమీటర్లయినా అవుతుందన్న లెక్కతో ఈ ట్యాబ్ తీసుకున్నాం. దుకాణంలో అమ్మే పిల్లవాడు కూడా, "అన్నా, మీ పాతదానికన్న ఇంచుకు పైననే పెద్దగొస్తది, ఇగ సూడుండ్రి," అంటూ అందులో ఒక సినిమా పాట పెట్టి చూపించాడు. పాత దాని పక్కన పెట్టి చూస్తే నిజంగానే బొమ్మ బాగా పెద్దదిగా కనిపించింది.

కొన్న కొత్తలో వారం రోజులు ఇంటిల్లిపాదీ దాన్ని మెచ్చుకుంటూనే ఉన్నాం. మా వాడలో అడిగినవారికల్లా బాగుందనే చెప్పాను. ఒక రుమాలు ఆర్డరు వచ్చి, గ్రాఫు తెరిచి పెదనాయన ముందు పెట్టిన రోజున ఆయన కాసేపు తెర వంక చూసి, "డబ్బాలు పాతదాన్ల ఎంతుండెనో గంతే ఉన్నయి గదరా కొడుకా, పెద్దగెక్కడైనయి?" అన్నారు. నేను ట్యాబ్‌ను నిలువుగా తిప్పి చూశాను, అడ్డంగా తిప్పి చూశాను, సెట్టింగులు మార్చి చూశాను. చివరికి స్టీలు స్కేలు తెచ్చి రెండు తెరలనూ కొలిస్తే ఆయన మాటే నిజమని తేలింది.

పాత తెర 19.7 సెంటీమీటర్ల పొడవు, 14.8 సెంటీమీటర్ల వెడల్పు. కొత్తది 23.6 సెంటీమీటర్ల పొడవు, 14.7 సెంటీమీటర్ల వెడల్పు. అంటే ప్రకటనలో పెరిగిందని చెప్పిన అంగుళం పైచిలుకు అంతా పొడవుకే పోయింది, వెడల్పు ఒక వెంట్రుకవాసి తగ్గింది కూడా. తెరలో పట్టగలిగిన అతి పెద్ద చదరం ఎంతన్నది దాని చిన్న భుజమే తేలుస్తుంది కాబట్టి, మా 72 గళ్ల గ్రాఫుకు కొత్త ట్యాబ్ ఇచ్చిన లాభం సున్నా.

ఇది ఎలా జరిగిందో తర్వాత కాగితం మీద లెక్క వేసుకుని చూశాను. తెరను ఒక మూల నుంచి ఎదుటి మూలకు, అంటే కర్ణం మీద, కొలుస్తారన్న సంగతి చాలామందికి తెలిసిందే. పాత దాని పొడవు వెడల్పులు 4:3 పాళ్లలో ఉన్నాయి, కొత్తవి 16:10 పాళ్లలో ఉన్నాయి. కర్ణం ఎంత పెరిగినా, తెర సన్నగా సాగే కొద్దీ చిన్న భుజం ఉన్నచోటే ఉండిపోతుంది. ఈ రెండు ట్యాబ్‌ల మధ్య ఏ పనికి ఎంత పెరిగిందో చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. 16:9 పాళ్లలో ఉండే వీడియో బొమ్మ వైశాల్యం 43 శాతం పెరిగింది, దుకాణంలో పాట అంత పెద్దగా కనబడటానికి కారణం అదే. తెర మొత్తం వైశాల్యం 19 శాతం పెరిగింది. ఎ4 కాగితం మీద అచ్చయిన పుటను తెరకు సరిపెడితే 12 శాతం పెరుగుదల కనిపిస్తుంది. చదరపు గ్రాఫు మాత్రం ఉన్నంతే ఉంది. ఒకే వస్తువు, ఒకే 11 అంగుళాల అంకె. దాని వెనక ఇన్ని వేర్వేరు జవాబులు ఉన్నప్పుడు, ప్రకటనలోని బొమ్మలో ఎప్పుడూ అంచు నుంచి అంచుదాకా నిండిన సినిమా దృశ్యమే ఎందుకు ఉంటుందో అర్థం చేసుకోవడం కష్టం కాదు.

పెట్టె వెనక చిన్న అక్షరాలలో 27.81 సెంటీమీటర్లు, 10.95 అంగుళాలు అని అచ్చువేశారు. ముందు 11, వెనక 10.95. ఈ 0.05 అంగుళం గురించి గొడవపడేవారిని చూశాను గానీ, మిల్లీమీటరు పైచిలుకు తేడా మీద నాకు పెద్ద పట్టింపు లేదు. అంకెను ఇలా కాస్త పెంచి చెప్పడం అందరూ చేస్తున్నదే. 2022లో వచ్చిన యాపిల్ సంస్థ పదో తరం ఐప్యాడ్‌ను 10.9 అంగుళాలదని, 2025లో వచ్చిన తర్వాతి దాన్ని 11 అంగుళాలదని అన్నారు. రెండింటికీ అధోజ్ఞాపికలో ఉన్న అసలు కొలత 10.86 అంగుళాలే, అదీ గుండ్రటి మూలలను లెక్కచేయకుండా కొలిచినప్పుడు. అలా కింద రాసి పెట్టడం కొంత నయమే. నా ఫిర్యాదు అంతకన్నా పెద్దది: వెడల్పు ఎంతన్నది ప్రకటనలో గానీ, పెట్టె ముందు గానీ, వెనక గానీ ఎక్కడా లేదు. యంత్రం మొత్తం కొలతలు ఇచ్చారు గానీ, చుట్టూ ఉండే నల్లటి అంచు కూడా అందులో కలిసిపోయింది కాబట్టి దాన్నిబట్టి తెర వెడల్పు తేల్చలేము.

వైశాల్యం మాట తయారీదార్లకు తెలియదని ఎవరూ అనుకోనక్కరలేదు. 2010 అక్టోబరులో అప్పటి యాపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్, 7 అంగుళాల తెర 10 అంగుళాల దానిలో 70 శాతం కాదని, కర్ణం కొలత కావడం వల్ల అది 45 శాతమే అవుతుందని మదుపరులతో మాట్లాడుతూ విడమరచి చెప్పాడు. అక్కడ 10 అంగుళాలని ఆయన అన్న ఐప్యాడ్ తెర నిజానికి 9.7 అంగుళాలది. 2012 అక్టోబరులో 7.9 అంగుళాల ఐప్యాడ్ మినీని చూపించిన రోజున అదే సంస్థ, 7 అంగుళాల పోటీ ట్యాబ్‌తో పోలిస్తే తమ తెర వైశాల్యం 35 శాతం ఎక్కువని చదరపు అంగుళాల్లో లెక్క చూపింది. పోటీదారును చిన్నది చేసి చూపవలసి వచ్చినప్పుడు చదరపు అంగుళాలు గుర్తుకొస్తున్నాయి. అదే లెక్క కొనేవాడికి మాత్రం ఏ సంస్థా ముందుగా చెప్పదు.

మేము చీర అమ్మేటప్పుడు పొడవు ఇంత, పన్నా ఇంత అని రెండు అంకెలు చెబుతాం. కొంగు మూల నుంచి ఎదుటి మూలకు టేపు పెట్టి ఒక్క అంకె చెబితే ఏ దుకాణదారూ ఒప్పుకోడు. తెరల విషయంలోనూ ఒకప్పుడు ఇలాంటి పట్టింపు ఉండేది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1966లో టీవీ ప్రకటనల కోసం ఒక నిబంధన తెచ్చింది. దాని ప్రకారం కనబడే బొమ్మ అడ్డం కొలతనే చెప్పాలి, కర్ణాన్ని గానీ మరో కొలతను గానీ చెబితే అది ఏ కొలతో ప్రకటనలోనే తెలియజేయాలి. ఇక దాని అవసరం లేదని 2018లో ఆ నిబంధనను రద్దు చేశారు. కర్ణాన్ని కొలుస్తారని అందరికీ తెలిసినంత మాత్రాన వెడల్పు ఎంతో తెలిసిపోదు కదా. ఇప్పుడు 4:3, 3:2, 16:10 పాళ్ల ట్యాబ్‌లు ఒకే బల్ల మీద పక్కపక్కన అమ్ముడవుతున్నాయి, ఒకే కర్ణం ఉన్న రెండు తెరలు వేర్వేరు పనులకు వేర్వేరుగా పనికొస్తున్నాయి. నా దృష్టిలో ఆ నిబంధన అవసరం అప్పటికంటే ఇప్పుడే ఎక్కువ.

మన దేశంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలను నిర్వచించింది. ముఖ్యమైన సమాచారాన్ని దాచిపెట్టడం కూడా ఆ నిర్వచనంలో ఉంది. 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాలు ఇంకొంచెం ముందుకు వెళ్లి, షరతుల వాక్యాలను అసలు ప్రకటన ఏ భాషలో ఉందో ఆ భాషలోనే, అదే రకం అక్షరాలతో వేయాలని చెప్పాయి. మేము చూసిన ప్రకటన తెలుగులో ఉంది, కింది గమనిక కంటికి ఆనని ఇంగ్లీషులో ఉంది. దుకాణానికి తిరిగి వెళ్లి అడిగితే, పెట్టె మీద రాసిన కొలత తెరకు ఉన్నదా లేదా అని వారే నన్ను ఎదురు ప్రశ్నించారు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసిన ఫిర్యాదుకు సంస్థ ఇచ్చిన జవాబు కూడా ఇంచుమించు అదే: ప్రకటించిన కొలతలో లోపం లేదు కాబట్టి వాపసు కుదరదు. ఇంతకు మించి పోవాలంటే వినియోగదారుల కమిషన్ మెట్లెక్కాలి. ఆ తీరిక నాకు ఇప్పటికైతే లేదు, మగ్గం ఆగితే ఇల్లు గడవదు.

ఇన్ని చెప్పినా, ఈ ట్యాబ్ మూలన పడిలేదు. చీర అంచుల గ్రాఫులు సన్నగా, పొడవుగా ఉంటాయి కాబట్టి, వాటికి ఈ సాగిన తెర చాలా హాయిగా ఉంది. పాత దాంట్లో రెండుసార్లు జరపవలసిన అంచు ఇందులో ఒక్క చూపులో పడుతుంది. రంగులు మా కళ్లకు సరిగ్గానే కనిపిస్తున్నాయి, అయితే తేలియా ఎరుపు మాత్రం నూలు మీద ఉన్నదానికంటే ఒక వాసి మెరుస్తుంది. కొత్తలో బాగుందని నేను చెప్పిన మాట వీటికి సంబంధించినంత వరకు ఇప్పటికీ నిలుస్తుంది. ఇంకో చిన్న చిక్కు: అడ్డంగా పెట్టినప్పుడు పైనున్న పట్టీ, కిందున్న బటన్ల వరుస ఆ కొంచెం ఎత్తులోనే చోటు తింటాయి. చదరపు బొమ్మ చూడాలంటే నిలువుగా పట్టుకోవడమే మేలు, అప్పుడు ఆ పట్టీలు పొడవులో మిగిలిన ఖాళీలోకి పోతాయి.

కొనబోయేవారు దుకాణానికి స్కేలు పట్టుకెళ్లనవసరం లేదు, చిన్న గుణకారం చాలు. 16:10 తెరకు కర్ణాన్ని 0.53తో, 3:2 తెరకు 0.555తో, 4:3 తెరకు 0.6తో గుణిస్తే చిన్న భుజం ఎన్ని అంగుళాలో వస్తుంది. పాళ్లు ఎంతన్నది పెట్టె మీద ఉండకపోవచ్చు గానీ పిక్సెళ్ల సంఖ్య ఉంటుంది. పెద్ద సంఖ్యను చిన్నదానితో భాగిస్తే 1.6 వస్తే అది 16:10, 1.5 వస్తే 3:2, 1.33 వస్తే 4:3. సినిమాలు చూడటానికో, నిలువు పుటల పుస్తకాలు చదవడానికో అయితే ఈ ట్యాబ్‌ను వద్దని నేను చెప్పను. చదరపు డిజైన్లతో పనిచేసే మాలాంటివారు మాత్రం ఇదే కర్ణంలో 4:3 తెర కోసం వెతకడం మంచిదని నా అభిప్రాయం, అయితే వాటి ధర ఇంకా మా చేతికి అందేలా లేదు. పెదనాయనకు శుక్లాల ఆపరేషన్ అయిన తర్వాత ఈ రెండు మిల్లీమీటర్ల గళ్లే ఆయనకు సరిపోవచ్చు కూడా. అప్పటిదాకా అంచుల గ్రాఫులకు ఈ ట్యాబ్‌నే వాడుతూ, రుమాళ్ల గ్రాఫులను ఎ3 కాగితం మీద ప్రింటు తీయించుకుంటున్నాం.